రెండు మూరల వెడల్పు

ఈ ఏడు మా క్రిస్మస్ పని
గొయ్యి తవ్వడం.

పాత గొయ్యిలో ఏడుగురం పడతాం
మోకాళ్లు గడ్డానికి ఆనించుకుంటే.
నూబా కొండల్లో ఇంటికి తలుపు లేకపోయినా
గొయ్యి మాత్రం ఉంటుంది.
విమానం మోత వినపడగానే
ముందు పిల్లలు, తర్వాత ముసలాళ్లు,
చివర నేను, నా కుంటికాలు.

నిన్న పొద్దు గుంకే వేళ ఉత్తరం దారిన
ఇంకో ఐదుగురు దిగారు.
పన్నెండు రోజుల నడక.
గాడిద మీద ఒక పచ్చి బాలింత.
ఈ బొమ్మ ఎక్కడో చూశానే అనుకున్నాను గానీ
పైకి అనలేదు.
అరికాళ్లు పగిలినవాళ్లతో బొమ్మల మాటేమిటి?

మా వాళ్లు పేర్లు వెతకరు, లెక్కపెడతారు.
తొలి కొడుకు కుకు, తొలి కూతురు కాకా.
మూడో ఆడపిల్ల కోషె.
అందుకే గుడిలో పశువుల తొట్టి కథ చెబుతుంటే
పిల్లలు ఏటా అడ్డుపడతారు:
"మరియమ్మకు తొలిచూలు కదా,
అయితే ఆ బాబు పేరు కుకూయే!"
నేను ఏనాడూ కాదనలేదు.

కోషెకీ ఒక కుకు ఉండేవాడు.
పోయిన వానల్లో జొన్నచేను గట్టు మీద
పిట్టలు తోలుతూ ఉండగా
ఆకాశం వాడిమీద పడింది.

సంకటి తిని చెయ్యి కడుక్కున్నాక
వచ్చినవాళ్లలో పెద్దామె, ఇహ్సాన్,
ఎవరూ అడక్కుండానే చెప్పింది:
"నా కొడుకు సైన్యంలో ఉన్నాడు.
విమానాలకు నూనె పోసే పని.
దాచి మీ అన్నం తినలేను."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.
క్షమాపణ మీద నా దగ్గర
ఇరవై నిమిషాల ప్రసంగం తయారుగా ఉంది.
మింగేశాను.
ముద్దకంటే గట్టిగా దిగింది గొంతులో.

కోషె లేచి వెళ్లిపోయింది.

తెల్లవారకముందే గునపం చప్పుడు.
రాతి నేల. దెబ్బకు నిప్పురవ్వలు.
కోషె ఒక్కతే గొయ్యి గోడ చెక్కుతోంది,
రెండు మూరల వెడల్పు, ఐదుగురి కొలత.
దీన్ని ప్రేమ అని నేననను.
ఇహ్సాన్ నీళ్లు తెచ్చిస్తే తాగలేదు,
ఆమె ముఖం వంక చూడలేదు.
కానీ గునపం ఆపలేదు.

పండుగ రాత్రి గంట కొట్టలేదు.
కొడితే పైవాడికి వినపడుతుంది,
దేవుడికి కాదు, పైలట్‌కి.
గుసగుసగా పాడుకున్నాం,
దోమల్లాగా, పెదవులు కదిపీ కదపకుండా.
దూతలు కూడా ఈ ఏడు
చెప్పులు చేతపట్టుకుని వచ్చి ఉంటారు.

రెండో జాములో మోత మొదలైంది.
పన్నెండుగురం లోపల, చంటిదాన్ని లెక్కేసుకుంటే.
కోషె మోకాలు ఇహ్సాన్ మోకాలికి తగిలింది.
వెనక్కి తీసుకుందామంటే
అంత చోటు తవ్వలేదు ఎవరూ.

మట్టి రాలింది, కొత్తగా చెక్కిన వైపు నుంచి.
పసిదాని నోట పడకుండా
చీకట్లో ఒక అరచెయ్యి గొడుగు పట్టింది.
బొబ్బలు పగిలి తడిగా ఉంది ఆ చెయ్యి.
ఆ పక్కన ఉన్నది నేనే గనుక తెలుసు.
ఇంకెవరికీ చెప్పలేదు.

పొద్దున బయటికి వచ్చి
తలలు దులుపుకున్నాం.
విత్తనాల కుండలో జొన్నలు
ఏడుగురికైతే చైత్రం దాకా.
పన్నెండుగురికైతే, ఆ లెక్క తేలలేదు.
కోషె కుండ మూత తీసింది,
చూసింది, మళ్లీ పెట్టింది.
ఇహ్సాన్‌తో ఇంకా మాట్లాడలేదు.

బండ మీదికి ఎక్కిన పిల్లలు అరుస్తున్నారు,
ఉత్తరం దారిలో మళ్లీ దుమ్ము లేస్తోందని.

పార పిడి విరిగి ఉంది.
కొడవలి ఎక్కడ పెట్టానో!
కొత్త పిడి చెక్కాలి.